61 మందికి డిప్రెషన్ పోయిందని ఆ ట్రయల్ చెప్పలేదు

టీనేజీ పిల్లల డిప్రెషన్ గురించి వాట్సాప్‌లో ఓ సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది: “ఫ్లూఓక్సెటిన్ వేస్తే నూటికి 61 మంది పిల్లలకు నయమైపోతుంది, అదంతా మందు మహిమే. ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయన్నది పుకారు. ఒట్టి కౌన్సెలింగ్ దండగ. అమెరికా ప్రభుత్వ ట్రయలే తేల్చింది.”

ఆ ట్రయల్ నిజంగా జరిగింది. పేరు ట్యాడ్స్. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిధులతో, 12 నుంచి 17 ఏళ్ళ వయసున్న 439 మందిపై చేశారు. మొదటి ఫలితాలు 2004లో వచ్చాయి. 61 అన్న అంకె కూడా అందులోదే. ఆ అంకెను దేనితో కొలిచారన్నది మాత్రం సందేశంలో లేదు. పిల్లల వైద్యం గురించి ఇంట్లో నిర్ణయం తీసుకోవాల్సిన అమ్మానాన్నలకు ముందు తెలియాల్సింది అదే.

“61 మందికి నయం.” ట్యాడ్స్‌లో ముఖ్యమైన కొలతలు రెండు. మొదటిది, పిల్లలు మొత్తం మీద ఎలా ఉన్నారో చూసి 1 నుంచి 7 లోపు వేసే ఒకే ఒక్క మార్కు. 1 అంటే ఎంతో మెరుగు, 2 అంటే బాగా మెరుగు. 12 వారాలకు ఈ రెంటిలో ఏది పడినా చికిత్సకు స్పందించినట్టే లెక్క. ఒక్క ఫ్లూఓక్సెటిన్ తీసుకున్నవారిలో ఇలా స్పందించింది 60.6 శాతం. సందేశంలోని 61 ఈ లెక్కలోంచి వచ్చింది.

రెండోది సీడీఆర్ఎస్-ఆర్ అనే స్కేలు. నిద్ర, ఆకలి, అలసట, చదువు, ఏడుపు, చావు గురించిన ఆలోచనలు, ఇలా మొత్తం 17 అంశాలు. 14 అంశాలకు అడిగి తెలుసుకుని మార్కులు వేస్తారు. మిగతా మూడింటికి ముఖం, మాట తీరు, కదలికలు గమనించి వేస్తారు. ఏ లక్షణమూ లేకపోయినా 17 వస్తుంది, గరిష్ఠం 113. ట్యాడ్స్‌లో చేరేనాటికి సగటు 60 దగ్గర ఉంది. 28 గానీ అంతకు తక్కువ గానీ వస్తే లక్షణాలు దాదాపు పోయినట్టు. ఆ గీత పెట్టి చూస్తే, 12 వారాలకు ఒక్క ఫ్లూఓక్సెటిన్ తీసుకున్నవారిలో అక్కడికి చేరింది 23 శాతమే. మందుతో పాటు సీబీటీ అనే మాటల చికిత్స కూడా అందుకున్నవారిలో 37 శాతం. ట్రయల్ అదే, పిల్లలూ వాళ్ళే.

60 నుంచి 40కి దిగిన అమ్మాయిని చూసి డాక్టరు ‘బాగా మెరుగు’ అని రాస్తే తప్పేమీ లేదు. కానీ 40 అంటే డిప్రెషన్ ఉందేమోనని ఇంకా అనుమానించాల్సిన స్థాయి. ఆ అమ్మాయి ఇప్పటికీ పుస్తకం ముందు కూర్చోలేకపోతుండవచ్చు, రాత్రుళ్ళు నిద్ర పట్టక దొర్లుతుండవచ్చు. ‘నయమైందన్నారుగా, ఇంకా ఏమిటీ నాటకాలు’ అని ఇంట్లో వాళ్ళు గద్దిస్తే ఆ పిల్ల ఏమైపోవాలి? ఈ సందేశంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే.

“అదంతా మందు మహిమే.” మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలోనూ 34.8 శాతం మంది స్పందించారు. కాబట్టి మందు వల్ల అదనంగా మెరుగుపడింది నూటికి 26 మంది. అది తక్కువేమీ కాదు. అయితే సీడీఆర్ఎస్-ఆర్ స్కేలు మీద 12 వారాలకు మందు వాళ్ళ సగటు 36.3, ఉత్తుత్తి మాత్ర వాళ్ళది 41.8. ఈ కొలతలో ఒక్క మందుకే పైచేయి అని గణాంకపరంగా తేలలేదు. మందు, సీబీటీ కలిసినప్పుడు తేలింది. ఒక కొలతలో గెలిచిన మందుకు మరో కొలతలో గెలుపు ఖాయం కాలేదన్నమాట.

అందుకే, ఏ కొలతతో తీర్పు చెబుతారో ట్రయల్ మొదలవకముందే రాసిపెట్టి, దానికే కట్టుబడాలి. కట్టుబడకపోతే ఏమవుతుందో పారాక్సెటిన్ అనే మరో డిప్రెషన్ మందు మీద జరిగిన స్టడీ 329 అనే ట్రయల్ చూపించింది. 275 మంది టీనేజర్లు. ముందుగా రాసుకున్న రెండు ప్రధాన కొలతల్లోనూ మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా తేలలేదు. అయినా వేరే కొలతల్ని ముందుకు తెచ్చి, మందు పనిచేస్తుందనీ పిల్లలు బాగానే తట్టుకున్నారనీ 2001లో వ్యాసం వేశారు. 2015లో స్వతంత్ర పరిశోధకులు అసలు డేటా తీసి మళ్ళీ లెక్కగట్టారు. డిప్రెషన్‌ను కొలిచే హామిల్టన్ స్కేలు మీద మందుతో తగ్గింది 10.7, ఉత్తుత్తి మాత్రతో 9.1. అది చెప్పుకోదగ్గ తేడా కాదు.

“ఆత్మహత్య ఆలోచనలన్నది పుకారు.” కాదు. స్టడీ 329లో అలాంటి కొన్ని ఘటనల్ని ‘భావోద్వేగ అస్థిరత’ అనే పద్దు కింద రాశారు. పద్దు మారితే ప్రమాదం లెక్కలో కనబడదు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పిల్లల మీద జరిగిన ట్రయల్స్‌లోని ఘటనల్ని కొలంబియా యూనివర్సిటీ ఆధ్వర్యంలో నిపుణులతో మళ్ళీ వర్గీకరింపజేసింది. 24 ట్రయల్స్, 4,400 మందికి పైగా పిల్లలు. ఆత్మహత్య ఆలోచన గానీ ప్రయత్నం గానీ మందు వేసుకున్నవారిలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2 శాతం. ఒక్క మరణమూ లేదు. 2004లో మందు కాగితాల మీద నల్ల గడి కట్టి హెచ్చరిక ముద్రించమన్నారు. దీన్ని చదివి పిల్లల మందు ఉన్నపళంగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. మొదలుపెట్టిన తొలి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి, మార్పు కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

“కౌన్సెలింగ్ దండగ.” 12 వారాలకు సీబీటీ ఒక్కటే తీసుకున్నవారిలో స్పందించింది 43.2 శాతం. ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు, ఆ మాట నిజమే. సందేశం అక్కడితో ఆగిపోయింది, ట్రయల్ ఆగలేదు. 36 వారాలకు సీబీటీ వాళ్ళలో 81 శాతం, మందు వాళ్ళలో 81, రెండూ అందినవారిలో 86. ఉత్తుత్తి మాత్ర గుంపుకు 12 వారాల తర్వాత అసలు సంగతి చెప్పి చికిత్స ఇచ్చారు కాబట్టి, ఆ తర్వాతి కాలానికి పోల్చి చూసే గుంపు లేదు. కాలం గడిచేకొద్దీ దానంతటదే తగ్గిన డిప్రెషన్ కూడా ఈ 81లో కలిసే ఉంటుంది, మందు వాళ్ళ 81లోనూ అంతే. మందు అందినవారు ముందుగా తేరుకున్నారు, సీబీటీ ఒక్కటే అందినవారు ఆలస్యంగా వారిని అందుకున్నారు. ట్యాడ్స్ చూపించింది అంతవరకే.