ఎట్రుస్కన్ గుడి కప్పు మీద మట్టి దేవుళ్లు: ఆ పోస్టు చెప్పేది తప్పు

ఎట్రుస్కన్ గుళ్ల గురించి ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: రోమన్ల కంటే ముందు ఇటలీలో వెలిగిన ఎట్రుస్కన్లకు రాయి చెక్కడం రాదట. గ్రీకుల తెల్ల పాలరాతి శిల్పాలకు చవక నకళ్లుగా, రంగు కూడా లేని మట్టి బొమ్మలు చేసి గుడి కప్పు మీద పెట్టుకున్నారట. ఇందులో ఒక్క మాటా నిలవదు.

రాయి సంగతి త్వరగా తేలిపోతుంది. ఎట్రుస్కన్ల పట్టణమైన చెర్వెతెరిలో బండను తొలిచి చేసిన సమాధుల్లోకి వెళ్తే పైకప్పు వాసాలు కూడా రాతిలోనే చెక్కి కనిపిస్తాయి. మరో ఎట్రుస్కన్ పట్టణం వల్చిలో దొరికిన సెంటార్ (సగం మనిషి, సగం గుర్రం) విగ్రహం కూడా రాయే.

మరి కప్పు మీదికి మట్టి ఎందుకు? గుడి కట్టుబడిలోనే జవాబుంది. రాతి పునాది మీద పచ్చి ఇటుక గోడలు, చెక్క స్తంభాలు, చెక్క దూలాలు, బాగా ముందుకు వచ్చే చూరు. వానకు దూలాలు నానితే గుడికే ముప్పు. అందుకే చెక్క మీద కాల్చిన మట్టి పలకలు బిగించారు, పెంకు వరసల చివర్లను గోర్గాన్ (పాముల జుట్టున్న గ్రీకు రాక్షసి) ముఖాల్లాంటి వాటితో మూశారు. అందానికి చేసిన పలకే చెక్కను కాపాడేది.

ఇక రోమ్ దగ్గరి ఎట్రుస్కన్ నగరం వెయిలోని పోర్తొనాచ్చో గుడి, క్రీ.పూ. 510 ప్రాంతం. నడికొప్పు మీద, అంటే కప్పు రెండు వాలులు కలిసే గీత మీద, నిలువెత్తు దేవుళ్లు వరసగా నిలబడేవారు. గ్రీకు వీరుడు హెరాక్లిస్ పట్టిన జింక కోసం అపోలో దేవుడు అడుగు ముందుకేసి వస్తుంటాడు. 1916లో బయటపడిన ఆ అపోలో ఎత్తు దాదాపు 1.8 మీటర్లు, ఇప్పుడు రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉన్నాడు. ముదురు ఎరుపు గోధుమ రంగు ఒళ్లు ఇప్పటికీ స్పష్టంగా తెలుస్తుంది. రంగు లేదన్నవాళ్లు ఆ ఫొటో ఒక్కసారైనా చూడలేదని నా అనుమానం. పైగా గ్రీకు పాలరాతి శిల్పాలకూ రంగులేసేవారు. తెల్లదనం కాలం మిగిల్చింది.

కథలు గ్రీకులవే, ఒప్పుకోవాలి. కానీ గ్రీకు గుళ్లలో కప్పు బొమ్మలు మామూలుగా ముఖభాగం కొనల మీదే ఉండేవి. నడికొప్పు పొడవునా దేవుళ్లను నిలబెట్టి కథ చెప్పడం ఎట్రుస్కన్ల పద్ధతి.

అంత పెద్ద మట్టి విగ్రహాన్ని పగలకుండా కాల్చడం చిన్న పని కాదు. లోపల బోలుగా ఉండాలి, గోడ మందం సమంగా ఉండాలి, వేడి గాలి పోవడానికి రంధ్రాలు వదలాలి. అపోలో కాళ్ల మధ్య అందమైన నగిషీలా కనిపించే భాగం నిజానికి బరువు మోసే ఆధారం. 20వ శతాబ్దంలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి నకిలీ ఎట్రుస్కన్ యోధులను అంటగట్టిన మోసగాళ్లకు పెద్ద విగ్రహాన్ని ఒకే ముక్కగా కాల్చడం చేతకాలేదు. ముక్కలు చేసి కాల్చి అతికించారు. 1961లో వాళ్లలో ఒకరు ఆ సంగతి ఒప్పుకున్నాడు.

రోమ్ కాపిటోలిన్ కొండ మీది గుడిలో, రోమన్ల పెద్ద దేవుడు జూపిటర్ విగ్రహం కోసం వెయి నుంచి వల్కా అనే శిల్పిని పిలిపించారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ విగ్రహం మట్టిదే, దానికి ఎర్ర రంగు పూసేవారని కూడా ఆయనే చెప్పాడు. కప్పు మీది నాలుగు గుర్రాల రథమూ మట్టిదే. క్రీ.పూ. 296లో దాని చోట కంచు రథం పెట్టేవరకూ రోమన్లు తమ పెద్ద దేవుడి గుడి మీద ఎట్రుస్కన్ మట్టి పనినే నిలబెట్టుకున్నారు.