యజమాని పేరు

మాది కార్మిక అధ్యయనాల పీజీ. ఎకనామిక్స్, సోషియాలజీ, హిస్టరీ, లా, సైకాలజీ, అందరి దగ్గరా తలో ముక్క తెచ్చి కుట్టిన బొంత. ఆజంజాహి మిల్లు సంగతులు ఒకరు చెబుతారు, సింగరేణి ఒప్పందాలు ఇంకొకరు, సిరిసిల్ల మగ్గాలూ నిజామాబాద్ బీడీలూ గల్ఫ్ వలసలూ మరొకరు. కూర్చోడానికి గది మాత్రం ఏ డిపార్ట్‌మెంటూ ఇవ్వదు. 1948 కనీస వేతనాల చట్టం నుంచి మొదలుపెట్టి కిందామీదా పడి బట్టీ పడితే, 2025 నవంబర్ 21 నుంచి 29 కార్మిక చట్టాలు పోయి వాటి బదులు 4 కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మా నోట్సులకు ఆ కబురు ఇంకా అందలేదు.

సరే, అసలు సంగతి మొన్నటిది. మా ప్రొఫెసర్ గారు భవన నిర్మాణ కార్మికుల మీద పేపరు రాస్తున్నారు. అంటే నేను రాస్తున్నాను, పేరు ఆయనది. సంక్షేమ బోర్డులో పేరు ఎక్కాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు కాయితం చూపాలి కదా, రోజుకో మేస్త్రీ దగ్గర పనిచేసేవాళ్లకు ఆ కాయితం ఎవరిస్తున్నారో కనుక్కు రమ్మని హనుమకొండలో ఒక ఆఫీసుకు పంపారు. లైన్లో నిలబడ్డాను. కౌంటర్ దాకా వచ్చేసరికి చేతిలో ఏదో ఫారం ఉంది.

గుమాస్తా తల ఎత్తలేదు.

"ఎవరు పంపిండ్రు తమ్మీ?"

"ప్రొఫెసర్ సార్ పంపిండు."

"ఆయన దగ్గర్నే చేస్తున్నవా?"

"ఆయన దగ్గర్నే సార్. రెండో ఏడు."

"జీతమెంత?"

నవ్వాను. నా నవ్వు ఎలా కనబడిందో ఏమో, వెనకనున్న అవ్వ గభాల్న నా భుజం మీద చెయ్యేసింది. "ఇస్తలేడా బిడ్డా?"

ఈ అవ్వ గురించి చెప్పాలి. మేస్త్రీలకు మాల్ అందిస్తుందట. చిన్నబిడ్డ పెళ్లికి బోర్డు ఇచ్చే కానుక కోసం తిరిగి తిరిగి, ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో గుమాస్తాకే చెప్పే స్థాయికి వచ్చింది. మాకు ఫీల్డ్‌వర్క్ పేపర్లో ఒక సెమిస్టరంతా నేర్పింది ఏమిటంటే, ఎదుటి మనిషితో మాట్లాడించాలంటే చిన్న ప్రశ్న వెయ్యి, తరువాత ఊరుకో, మధ్యమధ్య తల ఊపు. అవ్వ సరిగ్గా అదే చేసింది. "ఏమేం పని చేపిస్తడు?" అని అడిగి, తల ఊపుతూ కూచుంది.

ఇక నా నోరు ఆగలేదు. గ్యాస్ బండ తెచ్చుడు చెప్పాను. కరెంటు బిల్లు చెప్పాను. వాళ్ల బాబుకు ఇంటర్ రికార్డుల్లో బొమ్మలేసుడు, మేడమ్ గారి తొక్కుకు మామిడికాయలు కొట్టించుకొచ్చుడు చెప్పాను. మేడారం జాతరలో మేడమ్ నిలువెత్తు బంగారం మొక్కుకుంటే, అంటే ఆమె బరువంత బెల్లం, బండి ఆగిన కాడినుంచి గద్దెల దాకా ఎవరి నెత్తిన పోయిందో కూడా చెప్పాను. మేడమ్ మంచి ఆరోగ్యవంతురాలు.

లైనంతా నిశ్శబ్దం. ఎనుమాముల మార్కెట్ హమాలీ అన్న ఒకాయన మెల్లగా అడిగాడు: "మాకు బస్తాకు ఇంతని రేటుంటది తమ్మీ. నీకు బెల్లం బస్తాకెంత?"

"ప్రసాదం ఇచ్చిండ్రు అన్నా."

"థూ," అన్నాడు ఆయన. నన్నో, సార్‌నో తెలియలేదు.

గుమాస్తా రాసుకుంటూనే ఉన్నాడు. "గృహ కార్మికుడు. వేతన బకాయి. మూడేండ్ల లోపల్నే కాబట్టి చెల్లుతది." నాకు ఒళ్లు పులకరించింది. వేతన కోడ్ ప్రకారం బకాయి అడగడానికి గడువు 3 ఏళ్లే. మా నోట్సులో లేని ముక్క, ఫ్యాను కింద కూచుని చూడకుండా చెప్పేశాడు! దాన్ని నేను పుస్తకంలో రాసుకుంటుండగానే అడిగాడు, "యజమాని పేరు?"

డాక్టర్ అని మొదలుపెట్టి ఎంఏ, ఎంఫిల్, పీహెచ్‌డీ వరకు గడగడా చెప్పేశాను. ఆయన పేపర్ల కవర్ పేజీలన్నీ టైపు చేసేది నేనే మరి. ముద్ర పడింది. అవ్వ నా బదులు రసీదు అడిగి తీసుకుంది.

నోటీసు అందగానే సార్ ఫోన్ చేశారు. ఏళ్ల తరబడి కార్మిక హక్కుల మీద పాఠం చెబుతున్న మనిషి, ముందు అడిగిన మాట "దీని మీద అప్పీలు ఎవరికి చేసుకోవాలె?" తరువాతవి ఇక్కడ రాయలేను. వెనక్కి తీసుకుంటానని మళ్లీ ఆ ఆఫీసుకు పోతే, రాజీ పడాలంటే కార్మికుడూ యజమానీ ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలన్నారు. సార్‌కేమో టైమ్ లేదట. ఇందాకే మెసేజ్ పెట్టారు, ఆ 90 రోజుల కాయితం సంగతి కనుక్కున్నావా లేదా అని.