సవరణ: హిడ్రోఐసెన్‌ను ఆపింది కోర్టు కాదు

చిలీ దేశపు పటగోనియాలో ఆగిపోయిన హిడ్రోఐసెన్ జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్టల మీద మొన్న రాసిన పోస్టులో, "జనం రోడ్డెక్కడంతో 2011లో సుప్రీంకోర్టు ప్రాజెక్టును రద్దు చేసింది" అన్నాను. తప్పు. జరిగింది దాదాపు తలకిందులు.

2011 మేలో ప్రాంతీయ పర్యావరణ కమిషన్ బేకర్, పాస్కువా నదుల మీద ఐదు ఆనకట్టలకు అనుమతి ఇచ్చింది. వేలమంది వీధుల్లోకి వచ్చింది ఆ తర్వాతే. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వ్యతిరేకుల అప్పీళ్లను 3-2 తేడాతో కొట్టేసింది. అనుమతి రద్దు చేసింది 2014 జూన్‌లో మంత్రుల కమిటీ. కంపెనీ పూర్తిగా చేతులెత్తేసింది 2017లో.

ఇంకో పొరపాటు, నా దృష్టిలో ఇదే పెద్దది: కరెంటు లైనుకీ అప్పుడే అనుమతి వచ్చినట్టు రాశాను. 2,750 మెగావాట్లు పుట్టేది దక్షిణ కొసన, వాడకం రాజధాని శాంటియాగో వైపు. మధ్యలో దాదాపు 2,000 కిలోమీటర్ల టవర్లు. ఆ లైను పర్యావరణ నివేదిక వేరు. ఒకే పనిని రెండు ముక్కలు చేసి అనుమతులు అడుగుతున్నారన్నది ఉద్యమకారుల ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. ఆనకట్టలకు అనుమతి వచ్చినా లైను లేకపోతే ఆ కరెంటు ఎక్కడికి పోతుంది? 2012 మేలో ప్రాజెక్టులో భాగస్వామి అయిన కొల్బున్ కంపెనీ, లైను నివేదిక దాఖలును నిలిపేద్దామంది.

పోస్టుకు పెట్టిన బొమ్మ కూడా తీసేశాను. టోరెస్ డెల్ పైనే శిఖరాల ముందు టవర్లు నిలబెట్టిన ఆ హోర్డింగు ఉద్యమం వాళ్లదే, చూడగానే పట్టేస్తుంది. కానీ ఆ కొండలు ఆనకట్టలకు ఇంకా దక్షిణాన ఉన్నాయి, లైను వెళ్లాల్సింది ఉత్తరానికి.