ఆఫీసు నెట్టు, ఇంటి పనులు

కోనసీమలో ఓ ఆఫీసుకి కొత్త సర్క్యులర్ వచ్చింది. పనివేళల్లో సిబ్బంది ఇంటర్నెట్‌ని సొంత పనులకు వాడరాదట. వచ్చింది వాట్సాప్‌లో, అదీ ఆదివారం రాత్రి. దాన్ని తెరిచి చదవడం సొంత పనా, ఆఫీసు పనా అన్నది ముందు తేలాలి.

ఉద్యోగి పనిదొంగ అని పైవాళ్ల అనుమానం. ఆయ్, అనుమానించడమే వాళ్ల ఉద్యోగం, కాదనం. కానీ రైల్వేవారి సంగతి చూడండి. తత్కాల్ ఏసీకి పొద్దున 10 గంటలకు తెరుస్తారు, స్లీపర్‌కి 11కి. కాకినాడ నుంచి వెళ్లే గౌతమిలో హైదరాబాద్ అబ్బాయికి బెర్తు దొరకాలంటే తండ్రి ఆ వేళకి ఎక్కడుండాలి? అదే రాత్రి పదికి తెరిస్తే ఏ గుమస్తా అయినా ఆఫీసు నెట్టు ముట్టుకుంటాడా? ఆధార్ ఓటీపీ వచ్చి, క్యాప్చాలో వంకర అక్షరాలు పోల్చుకుని, డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్టు. ఇంత ఏకాగ్రత ఏ ఫైలు మీదా చూపలేదేమంటారా? ఫైలు ఎక్కడికీ పోదు కదండీ.

క్యాషియర్ గారు అమెరికా వార్తలు చదువుతుంటే కాలక్షేపం అనుకోవడం మరో అన్యాయం. భీమవరం దగ్గర ఆయనకి రొయ్యల చెరువు ఉంది. లీజు బావమరిది పేరున, టెన్షన్ మాత్రం ఈయన పేరున. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన రోజు ఆయన ఒకే నోట్ల కట్టని మూడుసార్లు లెక్కపెట్టారు. ప్రపంచ వాణిజ్యాన్ని ఇంత శ్రద్ధగా గమనించే గుమస్తా ఢిల్లీలో ఉన్నాడో లేడో!

ఇక వరదల రోజులు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకలో ఇల్లున్న టైపిస్టు గారు గంటగంటకీ ఆ అంకె చూసుకుంటారు. పైన భద్రాచలంలో 43 దాటిందంటే చాలు, గేదెలని గట్టెక్కించమని ఇంటికి ఫోన్లు మొదలు. ఇది దుర్వినియోగమైతే మెమో గోదారికివ్వాలి. పులస ధర వెతికేవాళ్లని మాత్రం నేను వెనకేసుకురాను. కొనేది లేదు, పెట్టేది లేదు, ఊరికే చూడ్డం!

రాత్రి గ్రూపులో ‘రేపు పొద్దున్నకల్లా వివరాలు కావాలి’ అని మెసేజ్ పడితే ఉద్యోగి తన ఫోను, తన డేటాతోనే పంపిస్తాడు. సొంత నెట్టుని ఆఫీసు పనులకు వాడరాదని సర్క్యులర్ రాసే నాథుడు ఇంకా పుట్టలేదు.

నెట్టు దుర్వినియోగం మీద పైకి నివేదిక పంపాల్సిన రోజున ఆఫీసు కనెక్షన్ పోయింది. సూపరింటెండెంట్ గారు అటెండర్‌ని పిలిచి హాట్‌స్పాట్ పెట్టమన్నారు. అతను పెట్టి, వినయంగా అన్నాడు: “రోజుకి ఒకటిన్నర జీబీయేనండి. కాస్త చూసి వాడండి.”