గంటకు ఎన్ని లీటర్లు, పెదబాపూ?

జనరేటర్ ఇంజన్ డీజిల్‌ను తూకం లెక్కన తింటుంది, బంకువాళ్లు దాన్ని కొలత లెక్కన అమ్ముతారు. ఈ రెండింటి మధ్య సాంద్రత అనే, లీటరు ఎంత బరువు తూగుతుందో చెప్పే ఒక చిన్న అంకె ఉంటుంది. ఇంజన్ తయారుచేసినవారు ఒక యూనిట్ కరెంటుకు ఇన్ని గ్రాములని కాగితం మీద వేయడానికి కారణం లేకపోలేదు: డీజిల్ ఎండకు వ్యాకోచిస్తుంది, చలికి సంకోచిస్తుంది, బరువు మాత్రం మారదు. గ్రాములను లీటర్లలోకి మార్చాలంటే ఆ బరువును సాంద్రతతో భాగించాలి. ఇంతటి భాగహారం మొన్నటి వేసవిలో, హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే దారిలోని ఒక ఫంక్షన్ హాలులో, రెండు వైపుల చుట్టాలనూ చీకట్లో కూర్చోబెట్టింది.

జనరేటర్ మాది, డీజిల్ మీది అన్నది ఆ హాలువారి నియమం. సాయంత్రం గాలివానకు కరెంటు పోయే సూచనలు కనిపించగానే ఆపరేటర్ వచ్చి, "గంటకు పది లీటర్లు తాగుతది సారూ, ఆరు గంటలకు అరవై తెప్పియ్యుండ్రి" అని చెప్పాడు. పెళ్ళికూతురికీ నాకూ పెదబాపు అయిన ఆ సారు అకౌంటెంట్‌గా రిటైరైన మనిషి; ఉజ్జాయింపు అనే మాటను ఆయన తిట్టుగా పరిగణిస్తారు. ఇంజన్ పుస్తకం తెప్పించి, కళ్లజోడు సవరించుకుని, యూనిట్‌కు 210 గ్రాములని చదివారు. ఏసీలు, దీపాలు, మైకులు కలిపి 40 కిలోవాట్లని, అంటే గంటకు 40 యూనిట్లని తేల్చి గంటకు 8,400 గ్రాములన్నారు, ఆరు గంటలకు 50.4 కిలోలన్నారు. గ్రాములను వెయ్యితో భాగిస్తే కిలోలు వచ్చాయి. కిలోలను ఏమీ చేయకుండానే లీటర్లు వచ్చాయి. బంకు కుర్రవాడు యాభై కొట్టి ఊరుకోబోతే, మిగిలిన పాయింట్ నాలుగు కూడా పోయించుకుని, రసీదును పెళ్లి ఖర్చుల ఫైలులో గుచ్చారు.

ఏడింటికి మొదలైన జనరేటర్ పన్నెండు కావస్తుండగా రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముహూర్తానికి పది నిమిషాలు ఉంది. జీలకర్ర బెల్లం సెల్‌ఫోన్ల వెలుగులో జరిగిపోయింది, పంతులుగారికి మంత్రాలన్నీ నోటికి వచ్చు గనుక అటువైపు ఇబ్బంది ఏమీ రాలేదు. ఇబ్బంది అంతా జనరేటర్ షెడ్డు దగ్గర మొదలైంది.

పెళ్ళికొడుకు తరఫున వచ్చిన ఇంజనీరింగ్ కుర్రవాడొకడు కారణం విని, "డెన్సిటీ మర్చిపోయిండ్రు అంకుల్, పాయింట్ ఎనిమిది మూడు" అని చెప్పి, గుణించాలో భాగించాలో చెప్పకుండా బంతిలోకి వెళ్లిపోయాడు. పెదబాపు గుణించారు. గంటకు 8.4 కాస్తా 6.97 లీటర్లయింది, అయిదు గంటలకు 34.86. తెచ్చింది 50.4. అంటే పదిహేనున్నర లీటర్లు లెక్కకు అందడం లేదు. ఆరోపణ చేయడానికి దశాంశ స్థానాలతో సహా ఆధారం దొరికిన అకౌంటెంటును ఆపడం ఎవరి తరమూ కాదు. "పదిహేను పాయింట్ యాభై నాలుగు లీటర్లు ఏమైనయ్ రా?" అని ఆయన నిలదీస్తే, ఆ పాయింట్ యాభై నాలుగు విని ఆపరేటర్ నిజంగానే భయపడ్డాడు. దొంగతనంలో కూడా అంత కచ్చితత్వం తనవల్ల కాదని ప్రమాణం చేశాడు.

ఈలోగా ఎవరో బంకుకు వెళ్లి మరో ఇరవై లీటర్లు తెచ్చారు. అందులోంచి ఆపరేటర్ తన లీటరు డబ్బా నింపి, దాన్ని వంటశాలలోని కాంటా మీద పెట్టాడు. జీరా రైసుకు డీజిల్ వాసన అంటుతుందని వంట మేస్త్రి మొత్తుకుంటున్నా వినకుండా డబ్బా బరువు తీసేసి చూస్తే కాంటా 820 గ్రాములు చూపించింది. ఆపరేటర్ నిర్దోషి అని తేలిందనుకున్నాం. పెదబాపు మాత్రం, "చూసిండ్రా, బంకోడు లీటరుకు నూట ఎనభై గ్రాములు కొట్టేసిండు" అని దొంగను మార్చారు. అప్పుడు వంట మేస్త్రి కోపంగా సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ తెచ్చి ఆయన ముందు పడేశాడు. దాని మీద ఒక లీటరు అనీ, పక్కనే 910 గ్రాములు అనీ ముద్రించి ఉంది. ఉల్లిగడ్డలు తరుగుతున్న ముసలమ్మ తలెత్తకుండానే, "కుంచెడు పేలాలు, కుంచెడు వడ్లు ఒక్క తూకం ఉంటయా బిడ్డా?" అని అడిగింది. పెదబాపు కాసేపు మౌనంగా ఉండి, 8.4ను 0.83తో భాగించారు. గంటకు 10.1 లీటర్లని వచ్చింది. ఆపరేటర్ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

ఆయనను ఓదార్చడానికి నేను ఎయిర్ కెనడా బోయింగ్ 767 సంగతి చెప్పాను. 1983 జులై 23న ఆ విమానానికి 22,300 కిలోల ఇంధనం కావలసి ఉండగా, సిబ్బంది లీటరుకు 0.803 కిలోలకు బదులు 1.77 అనే పౌండ్ల అంకెతో లెక్క కట్టారు. అవసరమైనదానిలో సగం కూడా లేకుండా ఎగిరిన విమానానికి గాల్లో ఉండగానే ఒకదాని తర్వాత ఒకటి రెండు ఇంజన్లూ ఆగిపోతే, పైలట్లు దాన్ని గ్లైడర్‌లా గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దింపారు. లోపలున్న 69 మందీ బతికి బయటపడ్డారు. ఓదార్పు అవసరానికి మించి పనిచేసింది. తెల్లారేసరికి పెదబాపు చుట్టాలందరికీ తన పేరును ఆ విమానం పక్కన పెట్టి చెప్పుకోసాగారు.

మరునాటి రిసెప్షన్‌కు అయిదు గంటల డీజిల్ కావాలి. ఈసారి ఆయన స్వయంగా బంకుకు వెళ్లి సాంద్రత ఎంతని అడిగారు. రోజూ పొద్దున హైడ్రోమీటరుతో కొలిచి, 15 డిగ్రీల వద్ద ఎంతో లెక్క కట్టి రాసుకునే రిజిస్టరు బంకుల్లో ఉంటుందన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. అంకె 827, అంటే లీటరుకు 827 గ్రాములు. మనకు మే నెలలో 15 డిగ్రీలు ఎక్కడివని ఆయన బంకువాళ్లతో వాదించి, వ్యాకోచానికి రెండు శాతం వేరుగా రాయించుకుని వచ్చి, అది కలపకముందే 50.8 లీటర్లు కావాలని ప్రకటించారు.

"అన్ని వద్దు సారూ, రాత్రిది ట్యాంకుల మిగిలింది" అన్నాడు ఆపరేటర్.

"ఎంత? లీటర్లల్ల చెప్పు, కిలోలల్ల చెప్పకు."

ఆపరేటర్ ట్యాంకులో కర్ర ముంచి తీసి, తడిసిన మేర చేత్తో కొలిచి చూశాడు.

"నాలుగు వేళ్ల లోతు, సారూ."