గడప దాటితే గండం

యూనివర్సిటీ పంతుళ్లు బయట ఇంకో వృత్తి చేసుకోవచ్చా, కూడదా అన్న చర్చ మళ్లీ మొదలైంది. ఇరవై రెండేళ్లుగా వ్యాపార నిర్వహణ బోధిస్తూ, ఇంతవరకూ ఒక్క గుండుసూది కూడా ఎవరికీ అమ్మి ఎరగను కాబట్టి, ఈ విషయం మాట్లాడే అర్హత నాకు పుష్కలంగా ఉందని మనవి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కూడదు. గడప దాటితే ముందు పాడయ్యేది నోట్సు.

నా నోట్సు ఉద్యోగంలో చేరిన ఏడాది రాసుకున్నది. అంచులు పసుపు తిరిగి, మడతల దగ్గర చిరిగి, మూడుసార్లు టేపు వేయించుకుంది. జోకు ఎక్కడ వేయాలో కూడా మార్జిన్లో ఉంటుంది. అందులో మూడో పేజీలో సరుకు ఇస్తాం, నాలుగో పేజీలో డబ్బు వస్తుంది. మొన్న ఒక కుర్రాడు లేచి, "సార్, రాకపోతే?" అన్నాడు. వాళ్ల నాన్నకి ఏదో షాపుందట.

"ఎందుకు రాదు?"

"కొన్నవాడు ఫోన్ ఎత్తడు సార్. ఇంటికెళ్తే వెనక తలుపులోంచి పోతాడు."

నాలుగో పేజీ పైనుంచి కిందిదాకా చూశాను. వెనక తలుపు ఎక్కడా లేదు. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. నేనే గనక ఒక ఏడాది బయట పనిచేసి ఉంటే జవాబు తెలిసి ఉండేది, ఆ పీరియడ్ మొత్తం దానికే పోయేది, జోకు మిగిలిపోయేది.

మెడికల్ కాలేజీలతో మమ్మల్ని పోల్చకండి. అక్కడ సర్జరీ ప్రొఫెసర్ పొద్దున చేసిన ఆపరేషన్ గురించి మధ్యాహ్నం పాఠం చెప్పగలడు. జన్మలో కత్తి పట్టలేదంటే ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోనివ్వరు. మాకా ఇబ్బంది లేదు. మా చేతిలో పోయేవాళ్లు పట్టా పుచ్చుకుని బయటికెళ్లాకే పోతారు.

బయటి పనులు మరిగిన పంతుళ్ల గతి ఏమైందో చరిత్ర చూస్తే తెలుస్తుంది. గెలీలియో ఇటలీలోని పడువా యూనివర్సిటీలో 18 ఏళ్లు లెక్కలు చెప్పాడు. జీతం చాలక ఇంట్లో కుర్రాళ్లకి బస ఇచ్చి ప్రైవేట్లు చెప్పేవాడు. సైనికులకు పనికొచ్చే ఒక కొలత పరికరం చేయించి అమ్మేవాడు, దాన్ని వాడటం నేర్పి విడిగా ఫీజు పుచ్చుకునేవాడు. చివరికి 1610లో పీసా యూనివర్సిటీలో, పాఠం చెప్పే బాధ్యతే లేని పదవి సంపాదించాడు. ఆయన దూరదర్శిని సంగతి లోకమంతా చెప్పుకుంటుంది గానీ, మా స్టాఫ్ రూమ్‌లో తలుచుకుని నిట్టూర్చేది మాత్రం ఈ పదవి గురించే.

న్యూటన్ మరీ అన్యాయం. 1696లో లండన్ టంకశాలలో ఉద్యోగానికి వెళ్లి, కేంబ్రిడ్జ్ పదవిని 1701 దాకా వదల్లేదు. టంకశాల పనిలో దొంగనాణేల వాళ్లని వెంటాడి పట్టుకున్నాడు. వాళ్లలో ఒకడికి ఉరి కూడా పడింది. పిల్లల గతి ఏమిటని అడుగుతారేమో. ఆయన కేంబ్రిడ్జ్‌లో నిక్షేపంగా ఉన్న రోజుల్లోనే వినేవాళ్లు లేక, గోడలకు పాఠం చదివేవాడని ఆయన సహాయకుడే రాసిపెట్టాడు. గోడకు చెప్పుకోవడం మాకూ అలవాటే. కాకపోతే మా గోడల ముందు అటెండెన్స్ కోసం మనుషులు కూర్చుంటారు.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విలియం థామ్సన్ 22 ఏళ్లకే ఫిజిక్స్ ప్రొఫెసరై, 53 ఏళ్లు అదే పదవిలో ఉన్నాడు. మధ్యలో అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేయించే పనిలో దూరాడు. 1866లో అది నిలబడింది. పేటెంట్లు వచ్చాయి, సర్ బిరుదు వచ్చింది, తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని పెద్దలంటారు. ఈయన ఏకంగా ఓ పడవే కొన్నాడు. ఇంత చెడిపోయినవాడి ల్యాబ్‌లో విద్యార్థులు చేతులతో పని చేసి నేర్చుకున్నారంటే క్రమశిక్షణ ఎంత సడలిందో ఊహించుకోండి.

అమెరికాలో చాలా యూనివర్సిటీలు వారానికి ఒక రోజు బయటి పనికి అనుమతిస్తాయి. ఆ ఒక్క రోజు ఏం చేశారో ఫారం నింపాలి. మిగతా నాలుగు రోజులు ఏం చేశారని అడిగే ఫారం నా కంటపడలేదు.

ఒకసారి నేనూ తప్పటడుగు వేయబోయాను. ఒక చిన్న వర్క్‌షాప్ వాళ్లు వారానికి రెండు గంటలు వచ్చి లెక్కలు చూసి సలహా ఇమ్మన్నారు. అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. కమిటీలో ఒకాయన "డబ్బిస్తారా?" అన్నారు. ఇస్తారన్నాను. "అయితే కుదరదు." పోనీ ఉచితంగా చేస్తానన్నాను. "ఉచితంగా ఎవరైనా ఎందుకు చేస్తారు? ఇందులో ఏదో ఉంది" అన్నారు. ఫైలు ఇంకా నడుస్తోంది. వర్క్‌షాప్ మూతపడింది.

మాలో తెలివైనవాళ్లు దరఖాస్తు జోలికే పోరు. బయటి పని సార్‌కి వస్తుంది, చేసేది రీసెర్చ్ స్కాలర్, చెక్కు సార్ పేరున. ఆ కుర్రాడి థీసిస్ ఆరో ఏట కూడా రెండో అధ్యాయంలోనే ఉంటుంది. దీన్ని బయటి వృత్తి అనకూడదట, మార్గదర్శకత్వం అనాలట.

పోయిన వారం ఇదే విషయం మీద మా డిపార్ట్‌మెంట్ మీటింగ్ జరిగింది. సీనియర్లందరం రెండో ఉద్యోగం గురు వృత్తికే మచ్చ అని తీర్మానించబోతున్నాం. మినిట్స్ రాసే పని ఎప్పటిలాగే గెస్ట్ లెక్చరర్‌దే. గంటకింత అని ఇస్తాం, సెలవుల్లో అదీ ఉండదు. మా దగ్గర పొద్దున మూడు క్లాసులు చెబుతాడు, సాయంత్రం ఇంకో కాలేజీ, రాత్రి ఏదో కంపెనీకి లెక్కలు రాస్తాడు. వెనక తలుపు కుర్రాడు జవాబు కోసం చివరికి ఇతని దగ్గరికే వెళ్లాడని తర్వాత తెలిసింది.

తీర్మానం సగంలో ఉండగా అతను వాచీ చూసుకుని లేచాడు.

"ఎక్కడికయ్యా, ఇంత ముఖ్యమైన చర్చ జరుగుతుంటే?" అన్నాను.

"నాలుగున్నరకి అక్కడ క్లాసుంది సార్. బస్సు పోతుంది" అని పెన్ను నా ముందు పెట్టి వెళ్లిపోయాడు.

మిగతా మినిట్స్ నేనే రాయాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్లలో నాకు అప్పజెప్పని పని చేయడం అదే మొదటిసారి. దీనికి ముందస్తు అనుమతి అవసరమా అని కమిటీకి రాశాను.