నస్కల్ చుంచెలుకకు న్యాయం జరగాలి

కొత్త మనిషి కనబడితే మనం పేరు కంటే ముందు ఊరు అడుగుతాం. ఊరు తెలిస్తే ఇంటిపేరు, ఇంటిపేరు తెలిస్తే ఎవరి తాలూకో తేలిపోతుంది. ఇంత శ్రద్ధ ఉన్న జాతి ప్రైమేట్ల మూలపురుషుడి సొంతూరు గురించి నోరు మెదపకపోవడం విచారకరం. మూలపురుషుడంటే మనకీ, కోతులకీ, చింపాంజీలకీ, శేషాచలం అడవుల్లో తిరిగే దేవాంగ పిల్లికీ ఉమ్మడి ముత్తాత. ఆ పదవికి మన అభ్యర్థి ఒకరున్నారు. వికారాబాద్ దగ్గర నస్కల్ వాస్తవ్యులు.

దక్కను మీద లావా పారి గడ్డకట్టిన రోజులవి. ఒక పారుదలకీ ఇంకోదానికీ మధ్య దొరికిన విరామంలో అక్కడ నీళ్లు నిలిచాయి. ఆ నీటి అడుగున పేరుకున్న మట్టిని శాస్త్రజ్ఞులు బస్తాలకెత్తి, నానబెట్టి, సన్నని జల్లెళ్లలో కడిగి, మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే ఏరారు. బియ్యంలో రాళ్లు ఏరడానికే విసుక్కునే మనకు ఆ ఓపిక అర్థం కాదు. అలా దొరికిన జీవికి డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. దొరికిందంటే మొత్తం జంతువు అనుకునేరు, నలుసంత పళ్లు. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఈ సంగతి ప్రకటించారు. డైనోసార్ల యుగంలో చివరి అంకమైన క్రెటేషియస్ కాలం నాటి క్షీరదం భారతదేశంలో బయటపడడం అదే మొదలు. వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. ఒడ్డూ పొడుగూ చుంచెలుకంత.

తర్వాత చీలమండ ఎముకలు కూడా దొరికాయి. వాటి తీరు చూసి, ఇది చెట్లెక్కేదన్నారు. ప్రైమేట్లూ వాటి దగ్గరి చుట్టాలూ ఉండే పెద్ద కుటుంబంలో దీనికి చోటివ్వొచ్చని 2010లో ఒక బృందం రాసింది. మన గుండెలు ఉప్పొంగాల్సిన సమయం. ఎవరి గుండే ఉప్పొంగలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. 2011లో ఇంకో బృందం, అందులో పాతవాళ్లే కొందరు, దీనికంత సీను లేదని తేల్చింది. చెట్లెక్కడం నిజమే కానీ, ప్రైమేట్ల మాట అటుంచి, కడుపులో మావితో పిల్లల్ని పెంచే ఇప్పటి క్షీరదాల వంశానికే ఇది బయటి కొమ్మ అంది. రెండేళ్లు తిరక్కుండా ఉద్వాసన! షోకాజ్ నోటీసు లేదు, సంజాయిషీకి గడువు లేదు. ఒక్క రాస్తారోకో అయినా జరిగిందా?

ఉత్తరాది వాళ్లకు ఈ దెబ్బ ముందే తగిలింది. 1932లో హిమాచల్‌లోని హరితల్యాంగర్‌లో జి. ఎడ్వర్డ్ లూయిస్ అనే అమెరికా పరిశోధకుడికి ఒక పై దవడ ముక్క దొరికింది. రామపిథేకస్ అన్నారు. 1960ల్లో దాన్ని ఏకంగా మానవుడి పూర్వీకుణ్ని చేశారు. కాలి ఎముక ఒక్కటీ చేతిలో లేకుండానే కొందరు దాన్ని రెండు కాళ్ల మీద నిలబెట్టారు. మనిషీ ఆఫ్రికా వానరాలూ (చింపాంజీ, గొరిల్లా) విడిపోయి 50 లక్షల ఏళ్లే అయిందని 1967లో శారిచ్, విల్సన్ అనే శాస్త్రజ్ఞులు రక్తంలోని ప్రోటీన్లు పోల్చి చెప్పారు. కోటి ఏళ్లు దాటిందనుకున్న రామపిథేకస్ పదవికి అప్పుడే ఎసరొచ్చింది. పాకిస్తాన్‌లో శివపిథేకస్ అనే మరో పాత వానరం ముఖం దొరికాక, అది ఒరాంగుటాన్ పోలికని తేలింది. రామపిథేకస్‌ని శివపిథేకస్‌లో కలిపేశారు. బ్రహ్మ, సుగ్రీవుల పేర్లు పెట్టుకున్నవీ అందులోనే కలిశాయి. మన దగ్గర శతాబ్దాల పాటు తెగని శైవ వైష్ణవ తగువు దవడ ముక్కలతో తెగిపోయింది.

మరి ప్రైమేట్ల మూలపురుషుడి పదవిలో ఇప్పుడు ఎవరున్నారంటారా? ఎక్కువగా వినబడే పేరు పుర్గటోరియస్. ఊరు అమెరికాలోని మోంటానా. దానికీ ముందు దొరికినవి పళ్లే, తర్వాత బయటపడినవీ చీలమండ ఎముకలే, అది అసలు ప్రైమేటా అన్న పేచీ ఇంకా నడుస్తూనే ఉంది. అయినా అమెరికా సంబంధం కదా, అంతా అటే మొగ్గుతున్నారు.

కాబట్టి మా డిమాండ్లు: డెక్కనోలెస్టిస్‌ని తక్షణం పునర్నియమించాలి. నస్కల్ స్టేజీ దగ్గర ఎలుక కంటే పెద్దదిగా విగ్రహం పెట్టాలి. ఇప్పటికే వెంచర్లతో నిండుతున్న వికారాబాద్ రోడ్డులో 'పూర్వీకుల కాలనీ'కి అనుమతులివ్వాలి.

ఇక్కడ కొందరు రైతులు అడ్డు తగులుతున్నారు. ఎలుక మనవాడైతే, పొద్దున్నే మొక్కజొన్న చేను మీద పడి, కంకి ఒలిచి, రెండు గింజలు నోట్లో వేసుకుని మిగతాది పారేసి ఇంకో కంకి విరిచే కోతి కూడా మనవాడేనా, వాటాకొచ్చిందా అని వారి ప్రశ్న. అనవసర ఆందోళన. మనమూ చింపాంజీలూ ఉన్న తోకలేని వానరాల శాఖకూ ఈ కోతుల శాఖకూ పంపకాలు కనీసం రెండున్నర కోట్ల ఏళ్ల కిందటే అయిపోయాయి. టాంజానియాలో దొరికి 2013లో ప్రకటించిన రెండు దవడ ముక్కలే అందుకు దస్తావేజు. ఒకటి మన వైపుది, ఒకటి వాళ్ల వైపుది. రెండే ముక్కలా అని ఎవరూ సణగొద్దు. ఈ ఒక్క విషయంలో శాస్త్రజ్ఞుల మాటే మాకు శిరోధార్యం.